పాలిషింగ్ ప్యాడ్ల వేడి నివారణ: బేతంచెర్ల బండ నుంచి కారు బానెట్ దాకా

పాలిషింగ్ ప్యాడ్ల వేడి నివారణ అంటే, రాయినో కారు పెయింటునో యంత్రంతో నునుపు చేసేటప్పుడు రాపిడి వేడికి ప్యాడ్ కాలిపోకుండా, దాని అతుకు ఊడకుండా, వెనక ఉన్న వెల్క్రో కరగకుండా చూసుకునే పద్ధతులు. ప్యాడ్ ఖరీదు కొద్దిదే కావచ్చు. కానీ ప్యాడ్ పాడయ్యేంత వేడి పుట్టిందంటే, దాని కింద ఉన్న పని కూడా అప్పటికే చెడుతూ ఉంటుంది. రాయి మీద మచ్చ పడుతుంది, పెయింటు మీద పైపొర మెత్తబడి చెదురుతుంది. అందుకే ప్యాడ్‌ను కాపాడుకోవడం పనిని కాపాడుకోవడంలో మొదటి మెట్టు.

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల పేరు చెప్పగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది నాపరాయి, దాన్ని అద్దంలా మెరిపించే పాలిష్ ఫ్యాక్టరీలు. రాతి పాలిష్‌కూ కారు పాలిష్‌కూ పైకి పోలిక కనిపించదు. అయినా రెండింటిలోనూ తిరిగే తల ఉంది, రాపిడి పొడి ఉంది, వేడి ఉంది. తేడా ఒక్కటే: రాయి మీద నీళ్లు పారించవచ్చు, కారు మీద అలా కుదరదు. రాతి పాలిష్‌లో నీళ్లు చేసే పనిని కారు పాలిష్‌లో మనిషి చెయ్యే చేయాలి. ఈ ఒక్క సంగతి పట్టుబడితే వేడి నివారణలోని మెళకువలన్నీ దాని వెనకే వస్తాయి.

వేడి ఎక్కడ పుడుతుంది

రాపిడికి వేడి పుడుతుందని నిప్పు రాజేసిన నాటి మనిషికే తెలుసు. ఎంత పుడుతుందన్నది లెక్కగా చూపిన ప్రయోగాల్లో రమ్‌ఫోర్డ్ కౌంట్ 1798లో వెల్లడించినది ప్రసిద్ధమైనది. మ్యూనిక్ ఆయుధ కర్మాగారంలో గుర్రాల బలంతో ఫిరంగి లోహాన్ని తొలిపిస్తూ, దాని చుట్టూ నీళ్లు నింపాడు. సుమారు రెండున్నర గంటల్లో ఆ నీళ్లు మరిగిపోయాయి. ఆయన కావాలనే మొండి బరమాను వాడాడు. పదునున్న బరమా అయితే లోహాన్ని తొలుచుకుంటూ పోతుంది. మొండిదైతే రాసుకుంటూ వేడిని పుట్టిస్తుంది. పాలిష్ పనిలో రంధ్రాలు మూసుకుపోయిన ప్యాడ్ అలాంటి మొండి బరమాయే. కోత తగ్గి, రాపిడి పెరిగి, మోటారు శక్తి అంతా వేడిగా మారుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ప్యాడ్ ముఖం దగ్గర 500 వాట్ల శక్తి రాపిడిగా ఖర్చవుతోందనుకుంటే నిమిషానికి 30 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఒక లీటరు నీళ్లు ఆ వేడినంతా తీసుకున్నా సుమారు 7 డిగ్రీలే వెచ్చబడతాయి. అదే 30 గ్రాముల ఫోమ్ ప్యాడ్‌లో ఆ వేడిలో పదో వంతు నిలిచిపోయి, బయటికి పోయే దారి లేకపోతే, ప్యాడ్ 60 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. నీటి విలువ, నీళ్లు లేనిచోట ఉండాల్సిన జాగ్రత్త, రెండూ ఈ లెక్కలోనే తెలుస్తాయి.

పుట్టిన వేడి ఎటు పోతుందన్నది పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఉష్ణవాహకతను వాట్లలో, మీటరుకు, డిగ్రీకి లెక్క కడితే ఉక్కుకు దాదాపు 50, సున్నపురాయికి 2 నుంచి 3, కారు బంపర్లకు వాడే ప్లాస్టిక్‌కు దాదాపు 0.2, పాలీయురితేన్ ఫోమ్‌కు 0.03 నుంచి 0.04 ఉంటుంది. ఉక్కు డోరు వేడిని చుట్టూ పంచేస్తుంది. బంపర్ పంచలేదు. ఫోమ్ అయితే వేడిని తనలోనే పట్టి ఉంచుతుంది. ఒకే చెయ్యి, ఒకే మెషిన్, ఒకే వేగం అయినా డోరు మీద బాగున్న పని బంపర్ మీద పెయింటును కాల్చడానికి కారణం ఇదే.

బేతంచెర్ల, దాని రాయి

బేతంచెర్ల గుంతకల్లు, నంద్యాల రైలుమార్గం మీద ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడి రాయిని వ్యాపారంలో బేతంచెర్ల మార్బుల్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది సున్నపురాయి. కర్నూలు రాతి సముదాయానికి చెందిన నార్జి సున్నపురాయి పొరల నుంచి వస్తుంది. ఆ పొరలకు పేరిచ్చిన నార్జి కడప జిల్లాలోని ఊరు. కడప, కర్నూలు రాతి సముదాయాలను విలియం కింగ్ 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గ్రంథంలో వివరంగా వర్ణించాడు.

ఇది 50 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు. పొరలు పొరలుగా పేరుకున్నది కాబట్టి గనిలోనూ పొరలుగానే లేస్తుంది. సమంగా లేచే ఈ గుణం వల్లే నేలకు, అరుగుకు, మెట్లకు, వంటగట్టుకు పనికొచ్చింది. బూడిద రంగు, నలుపు, లేత ఆకుపచ్చ ఛాయల్లో దొరుకుతుంది. కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు, కొలిమిగుండ్ల వైపు దొరికే నల్ల నాపరాయిని బయటి రాష్ట్రాల్లో కడప రాయిగానే పిలుస్తారు. ఎన్నో నగరాల వంటిళ్లలో గట్టు మీద పరిచిన నల్లబండకు మన కడప పేరే ఉంది.

సున్నపురాయి మెత్తని రాయి. దానిలోని ప్రధాన ఖనిజం కాల్సైట్. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 3. క్వార్ట్జ్‌ది 7, వజ్రానిది 10. ఆమ్లం తగిలితే సున్నపురాయి కరుగుతుంది. వాననీటిలో ఉండే కొద్దిపాటి కార్బానిక్ ఆమ్లానికే యుగాల తరబడి కరిగి కరిగి బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు, కొలిమిగుండ్ల దగ్గరి 3,229 మీటర్ల బెలుం గుహలు ఏర్పడ్డాయి. బిల్లసర్గం గుహలను 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ వర్ణించాడు. 1880 దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపారు. చుక్క చుక్కగా జారిన నీళ్లకే లొంగి గుహలైన రాయి ఇది. దీన్ని నునుపు చేయడానికి బలం ప్రయోగించాల్సిన పని లేదు, ఓపిక చాలు. ఆ ఓపిక తప్పినచోటే ప్యాడ్లు కాలుతాయి.

రాతి పాలిష్‌లో వేడి

ఫ్యాక్టరీలో బండ అంచులను కటింగ్ మిషన్ మీద కోసి, ముఖాన్ని పాలిష్ మిషన్ కింద పెడతారు. తిరిగే తలకు రాపిడి రాళ్లు బిగించి ఉంటాయి. వీటిలో ఎక్కువగా వాడేది సిలికాన్ కార్బైడ్. దీన్ని 1891లో ఎడ్వర్డ్ ఆచెసన్ కృత్రిమంగా తయారు చేసి కార్బొరండం అని పేరు పెట్టాడు. ముందు గరుకు రాయి, తర్వాత సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం. ప్రతి మెట్టు అంతకు ముందరి మెట్టు గీతలను తుడిచేస్తుంది. సున్నపురాళ్లకు చివరి మెరుపు తేవడానికి ఆక్సాలిక్ ఆమ్లపు పొడిని వాడడమూ ఉంది.

ఈ పని మొత్తం నీళ్లలోనే సాగుతుంది. తిరిగే తల కింద నుంచి ముందు నీళ్లు వస్తాయి, వెంటనే పాలలాంటి బురద వస్తుంది. దీన్నే స్లరీ అంటారు. దాన్ని చూసి పని ఎలా నడుస్తోందో చెప్పవచ్చు. పలుచగా, ఒకే రంగుతో పారుతుంటే కోత సరిగా ఉంది. చిక్కబడి తల చుట్టూ గట్టు కడుతుంటే నీళ్లు చాలడం లేదు. మిషన్ చప్పుడు మందంగా మారి, బండ మీద తడి ఆరిన గుండ్రటి జాడ కనిపిస్తే వేడి మొదలైనట్టే. రాయి చల్లగా ఉండడానికి, పొడి కొట్టుకుపోవడానికి, దుమ్ము లేవకుండా ఉండడానికి అదే నీరు ఒకేసారి మూడు పనులు చేస్తుంది.

ఫ్యాక్టరీలో వేడి ఇలా అదుపులో ఉంటుంది. ప్యాడ్లు ఎక్కువగా కాలేది ఇళ్ల దగ్గర జరిగే అంచు పాలిష్‌లో. వంటగట్టు బండ అంచును గుండ్రంగా చేసి మెరిపించడానికి చేతి గ్రైండర్‌కు వెల్క్రోతో వజ్రపు ప్యాడ్ తగిలిస్తారు. రెజిన్‌లో వజ్రపు పొడి కలిపి అచ్చుపోసిన ప్యాడ్ ఇది. 50, 100, 200, 400, 800, 1500, 3000 అని నంబర్లు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. వజ్రం వేడికి తట్టుకుంటుంది, దాన్ని పట్టి ఉంచిన రెజిన్ తట్టుకోలేదు. వేడెక్కితే రెజిన్ మెత్తబడి రాయికి అంటుతుంది. లేత రంగు బండ మీద ఆ మరక వదిలించడం కష్టం. అదే రెజిన్ ప్యాడ్ ముఖం మీద పరుచుకుని వజ్రపు కణాలను కప్పేస్తుంది. అప్పుడు ప్యాడ్ కొయ్యదు, జారుతుంది. జారుతుంటే మనిషి ఇంకా నొక్కుతాడు. నొక్కితే ఇంకా వేడి.

వేగం నియంత్రణ లేని మామూలు 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 10,000 నుంచి 11,000 చుట్లు తిరుగుతుంది. రాయి కోసే బ్లేడుకు ఆ వేగం సరే. 100 మి.మీ. ప్యాడ్‌ను 11,000 చుట్లతో తిప్పితే దాని అంచు సెకనుకు దాదాపు 58 మీటర్లు పరుగెడుతుంది. 3,000 చుట్లయితే దాదాపు 16 మీటర్లే. అందుకే వజ్రపు ప్యాడ్ల తయారీదారులు సాధారణంగా 4,500 చుట్లకు మించవద్దంటారు. వేగం తగ్గించుకునే వీలున్న గ్రైండర్, మధ్యలోంచి నీళ్లు వచ్చే వెట్ పాలిషర్ ఉంటే ప్యాడ్ ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

నీళ్లు ఎప్పుడు పెట్టాలన్నదీ ముఖ్యమే. మిషన్ ఆన్ చేయకముందే రాయి తడిసి ఉండాలి. పొడిగా నడిపి, పొగ వచ్చాక చెంబెడు నీళ్లు పోస్తే ఆ ఒక్కసారికి చల్లబడుతుందేమో గానీ, గట్టిపడిన రెజిన్ మళ్లీ మామూలు కాదు. నంబర్లు దాటేసి పోవడం కూడా వేడికి పెద్ద కారణం. 100 తర్వాత 200 వదిలేసి 800 పెడితే, సన్నని ప్యాడ్ గరుకు గీతలతో పోరాడాల్సి వస్తుంది. దాని పని కాని పని దానికి అప్పజెబితే వేడెక్కక ఏం చేస్తుంది?

కారు పాలిష్‌లో వేడి

కొత్త కారు పెయింటులో పైన ఉండే పారదర్శకమైన పొరను క్లియర్ కోట్ అంటారు. దాని మందం సాధారణంగా 40 నుంచి 60 మైక్రాన్లు, అంటే మి.మీ.లో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ. కడగడంలో, తుడవడంలో పడ్డ సన్నని గీతలను తీయడానికి ఈ పొర నుంచే కొన్ని మైక్రాన్లు అరగదీస్తారు. రాయి మీద పొరపాటు జరిగితే మళ్లీ గరుకు రాయితో మొదలుపెట్టవచ్చు. ఇక్కడ పోయిన పొర తిరిగి రాదు. మళ్లీ పెయింటు వేయాల్సిందే.

మెషిన్లు ముఖ్యంగా మూడు రకాలు. రోటరీ మెషిన్‌లో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. కోత ఎక్కువ, వేడీ ఎక్కువే. 150 మి.మీ. ప్యాడ్ 1,500 చుట్లతో తిరిగితే అంచు వేగం సెకనుకు దాదాపు 12 మీటర్లు. వాడుకలో డీఏ అని పిలిచే డ్యూయల్ యాక్షన్ మెషిన్‌లో ప్యాడ్ తిరుగుతూనే ఇరుసు చుట్టూ చిన్న వలయాలు కొడుతుంది. ఆ వలయపు వ్యాసాన్ని త్రో అంటారు. 8 మి.మీ. మామూలు. ఇటలీకి చెందిన రూపెస్ కంపెనీ 2010 దశకం తొలి ఏళ్లలో 15, 21 మి.మీ. త్రో మెషిన్లకు ప్రాచుర్యం తెచ్చింది. మూడోది గేర్ల బలంతో ప్యాడ్‌ను తప్పనిసరిగా తిప్పే రకం. ఎంత నొక్కినా తిరుగుడు ఆగదు కాబట్టి వేడి విషయంలో జాగ్రత్త కావాలి.

డీఏ మెషిన్‌తో పెయింటు తేలిగ్గా కాలదు. కానీ ప్యాడ్ కాలుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఆశ్చర్యపరిచే సంగతి ఇదే. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతుంటే ఆ వంపు వేడెక్కుతుంది కదా. ఫోమ్ లోపల జరిగేదీ అదే. వెనక ఉన్న ప్లేటు నిమిషానికి వేలసార్లు ఊగుతుంటుంది. ముఖం పెయింటును పట్టుకుని కాస్త వెనకబడుతుంది. మధ్యలో ఉన్న ఫోమ్ ఆ రెండింటి నడుమ నలుగుతుంది. ఆ నలుగుడు వేడి పైకీ పోలేదు, కిందికీ పోలేదు. అంచుల దగ్గర గాలి తగిలి కాస్త చల్లబడుతుంది. నడిబొడ్డున ఆ వీలు లేదు. అందుకే ప్యాడ్ ముందు మధ్యలో పాడవుతుంది. ప్యాడ్ మధ్యలో రంధ్రం పెట్టడం, ప్లేటుకు గాలి దారులు వదలడం, ఫోమ్ మందం తగ్గించడం, ఇవన్నీ ఈ ఒక్క సమస్యకే వచ్చిన మార్పులు.

ప్యాడ్‌కూ ప్లేటుకూ మధ్య పట్టు వెల్క్రో. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో తన కుక్క ఒంటికి అంటుకున్న ముళ్లకాయలను చూసి ఈ ఆలోచన చేశాడు. 1955లో పేటెంటు వచ్చింది. ప్లేటు వైపు సన్నని కొక్కేలు, ప్యాడ్ వైపు ఉంగరాల్లాంటి పోగులు ఉంటాయి. కొక్కేలు ఎక్కువగా నైలాన్‌వి. నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మెత్తబడిన కొక్కెం నిటారుగా సాగిపోయి పట్టు వదులుతుంది. ఫోమ్‌కూ వెల్క్రో బట్టకూ మధ్య ఉన్న జిగురు అంతకన్నా ముందే లొంగిపోతుంది.

ఫోమ్‌తో పాటు ఉన్ని, మైక్రోఫైబర్ ప్యాడ్లూ ఉన్నాయి. ఉన్ని పోగుల మధ్య గాలి ఆడుతుంది. రోటరీ మీద గట్టి కోతకు పాతకాలం నుంచి వాడుతున్నది ఇదే. మైక్రోఫైబర్ గట్టిగా కోస్తుంది గానీ, అరిగిన పెయింటు పొడితో త్వరగా నిండిపోతుంది. దాన్ని మిగతావాటికన్నా ఎక్కువసార్లు శుభ్రం చేయాలి.

నష్టం ముందే చెప్పే గుర్తులు

ప్యాడ్ ఒక్కసారిగా పోదు, ముందే గుర్తులిస్తుంది. ప్యాడ్‌కు పట్టించే రాపిడి మందు, అంటే కాంపౌండ్, మామూలుకన్నా తొందరగా ఎండి, తెల్లపొడిలా ఎగురుతుంది. తుడిచేటప్పుడు బట్ట పట్టుకున్నట్టు లాగుతుంది. మెషిన్ చప్పుడు మారుతుంది. డీఏ ప్యాడ్ వెనక నల్లగీత గీసి పెట్టుకుంటే, ఆ గీత నెమ్మదించడం కంటికే కనిపిస్తుంది. ప్యాడ్ తిరగకుండా ఊగుతూ మాత్రమే ఉంటే అదంతా వేడే. మధ్యభాగం కుంగుతుంది. ఫోమ్ గట్టిదనం పోయి వత్తితే తిరిగి లేవదు. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చిందంటే ఆలస్యమైపోయినట్టే.

వేడిని చూడడానికి అరచేతికన్నా చేతి వెనకవైపు మేలు. పని ఆపగానే చేతి వెనకభాగాన్ని పెయింటుకు ఆనించాలి. హాయిగా ఉంచగలిగితే సరే. వెంటనే తీసేయాలనిపిస్తే ఆగాల్సిందే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే పెయింటుతో పాటు ప్యాడ్ మధ్యభాగాన్నీ కొలవాలి. చాలామంది పెయింటును కొలిచి తృప్తిపడతారు. ప్యాడ్ లోపలి వేడి దానికి మించి ఉంటుంది.

నివారణ పద్ధతులు

మొదటిది, ప్యాడ్లు మార్చి మార్చి వాడడం. ఒక కారు పనికి ఒకే రకం ప్యాడ్లు కనీసం మూడు నాలుగు ఉంచుకోవాలి. రెండడుగుల చదరం ఒకటి రెండు పూర్తవగానే ప్యాడ్ మార్చి, వేడెక్కినదాన్ని పక్కన పెట్టాలి. దుక్కి ఎద్దులకు విడుపు ఇచ్చినట్టే ప్యాడ్‌కూ విడుపు కావాలి. ఒక్క ప్యాడ్‌తో కారంతా లాగించి చివరికి పారేయడం కన్నా, నాలుగింటిని మార్చుకుంటూ ఎన్నో కార్లు చేయడమే లాభం.

రెండోది, ప్రతి భాగం తర్వాత ప్యాడ్ ముఖాన్ని శుభ్రం చేయడం. నైలాన్ బ్రష్‌తో గీరినా, కంప్రెసర్ గాలి కొట్టినా చాలు. అరిగిన పెయింటు, ఎండిన కాంపౌండ్ రంధ్రాల్లోంచి పోతే ప్యాడ్ మళ్లీ కోస్తుంది. గాలి కొడితే ఇంకో మేలుంది, ఫోమ్ లోపలి వేడి కూడా పోతుంది.

మూడోది, మందు మితంగా వాడడం. కొత్త ప్యాడ్ ముఖమంతా పలుచగా కాంపౌండ్ పట్టించాక, ప్రతి భాగానికీ బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు సరిపోతాయి. తక్కువైతే పొడి రాపిడి. ఎక్కువైతే ఫోమ్ నానిపోయి, బరువెక్కి, జారుతూ లోలోపలే నలుగుతుంది. రెండు దారులూ వేడి దగ్గరికే పోతాయి.

నాలుగోది, ఒత్తిడి, వేగం. డీఏ మెషిన్ మీద ప్యాడ్ తిరుగుడు ఆగనంత ఒత్తిడే గరిష్ఠం. చివరి ఒకటి రెండు విడతలకు మెషిన్ సొంత బరువు చాలు. చెయ్యి సెకనుకు 2, 3 సెం.మీ. చొప్పున నెమ్మదిగా, గీత మీద గీత సగం కప్పేలా కదలాలి. రోటరీని మాత్రం ఒక్కచోట నిలపకూడదు. అంచులు, మడతలు, బంపర్ల దగ్గర వేగం తగ్గించాలి, లేదా అక్కడ డీఏ వాడాలి. పెద్దలు నిదానమే ప్రధానం అన్నది ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది.

ఐదోది, తగిన ప్యాడ్ ఎంచుకోవడం. ముందు మెత్తని ప్యాడ్, తేలికపాటి పాలిష్‌తో చిన్న భాగం చేసి చూడాలి. గీత పోతే అదే చాలు, గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు. పోకపోతే ఒక మెట్టు గట్టిది తీసుకోవాలి. మెత్తని ప్యాడ్‌తోనే నొక్కి నొక్కి లోతు గీత తీయబోవడం, రాతి పనిలో నంబరు దాటేయడం లాంటిదే.

ఆరోది, ప్లేటు. 125 మి.మీ. ప్లేటుకు 140 లేదా 150 మి.మీ. ప్యాడ్ వేసి, ప్రతిసారీ కచ్చితంగా నడిమధ్యన అతికించాలి. పక్కకు జరిగితే అదురు, ఆ అదురుతో వేడి. వేడిగా ఉన్న ప్యాడ్‌ను ఒక్కసారిగా పీకకూడదు. జిగురు మెత్తగా ఉన్నప్పుడు లాగితే ఫోమ్ చేతికొచ్చి వెల్క్రో ప్లేటుకే ఉండిపోతుంది. అర నిమిషం ఆగి, ఒక అంచు నుంచి వెల్క్రో బట్టను పట్టి మెల్లగా విప్పాలి.

రాయలసీమ ఎండలో

కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల్లో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో నిలబెట్టిన నల్ల కారు పైకప్పు 60 డిగ్రీలు దాటగలదు. అక్కడ కాంపౌండ్ వేస్తే రాసేలోపే ఎండిపోతుంది, ప్యాడ్ మొదటి నిమిషంలోనే పొడిగా నడుస్తుంది. అందువల్ల కారును నీడలోకి తెచ్చి, రేకు చల్లబడేదాకా ఆగి, తెల్లవారుజామునో సాయంత్రమో పని పెట్టుకోవడం మంచిది. వేడి రేకు మీద ఒక్కసారిగా చల్లని నీళ్లు కొట్టి పని మొదలుపెడితే నీటి మరకలు మిగులుతాయి. రేకుల షెడ్డు కింద నీడ ఉన్నా వేడి దిగుతూనే ఉంటుంది కాబట్టి, ఆరుతున్న ప్యాడ్ల వైపు ఒక ఫ్యాను తిప్పి పెట్టుకోవాలి. కాంపౌండ్ సీసాను కూడా ఎండలో వదలకూడదు.

కాంపౌండ్ తయారీదారు వద్దనకపోతే, పని నడుమ ప్యాడ్ ముఖం మీద ఒకటి రెండు తుంపర్ల నీరు చల్లవచ్చు. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే దాదాపు 2.26 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అంత కొద్ది తడికీ అంత బలం ఉంది. ప్యాడ్ నానేంతగా మాత్రం చల్లకూడదు.

కడగడం, ఆరబెట్టడం, దాచడం

పని అయిన రోజే ప్యాడ్ కడగాలి. ఎండిన కాంపౌండ్ ఫోమ్‌లో గడ్డకడితే ఆ తర్వాత ఎంత కడిగినా మొండి బరమాయే. గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు లేదా ప్యాడ్ క్లీనర్ చాలు. మరిగే నీళ్లు, థిన్నర్, పెట్రోలు జిగురును కరిగిస్తాయి. మెలిపెట్టి పిండకుండా, రెండు అరచేతుల మధ్య వత్తి నీళ్లు తీయాలి. ఫోమ్ కిందికి, వెల్క్రో పైకి ఉండేలా నీడలో ఆరబెడితే తడి జిగురు వైపు దిగదు. మండుటెండలో వేస్తే త్వరగా ఆరుతుంది గానీ ఫోమ్ పెళుసెక్కుతుంది. పూర్తిగా ఆరాక మూతపెట్టిన డబ్బాలో, గరుకువీ సన్ననివీ వేరువేరుగా దాచాలి. గరుకు పొడి ఒక్క రవ్వ సన్నని ప్యాడ్‌కు అంటినా మరుసటి కారు మీద గీత తేలుతుంది.

వజ్రపు ప్యాడ్లనూ కడిగి, వెల్క్రోలో ఇరుక్కున్న రాతి పొడిని బ్రష్‌తో తీయాలి. ముఖం మూసుకుపోయి జారుతున్న ప్యాడ్‌ను నీళ్లు పోస్తూ గరుకు రాయి మీద కాసేపు రుద్దితే పైన పరుచుకున్న రెజిన్ పోయి కొత్త వజ్రపు కణాలు బయటపడతాయి.

నీరు, దుమ్ము, కరెంటు

ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 670 మి.మీ. నీటికి కరువున్న సీమలో నీళ్ల మీద నడిచే పని ఇది. అందుకే స్లరీని తొట్లలో తేర్చి, పైకి తేలిన తేటనీటిని మళ్లీ మిషన్‌కు పంపడం అవసరం. అయితే తిరిగి వచ్చే నీటిలో గరుకు రవ్వ మిగలవచ్చు కాబట్టి, చివరి సన్నని మెట్లకు మంచినీళ్లు వాడడం మేలు. అడుగున పేరుకున్న స్లరీని రోడ్డు పక్కన, చేలగట్ల మీద వదిలేస్తే ఎండి దుమ్మై ఊరి మీదే పడుతుంది. నేలకూ ఊపిరికీ అది చేటు.

నీళ్లు ఆదా చేద్దామని పొడిగా పాలిష్ చేయడం అన్నిటికన్నా ప్రమాదం. ప్యాడ్ సంగతి అటుంచి, లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సున్నపురాయిలో సిలికా తక్కువ గానీ బొత్తిగా లేదనలేం. గ్రానైట్‌లో అది ఎక్కువ. సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్ నయమయ్యే జబ్బు కాదు. తప్పనిసరై పొడి పని చేయాల్సి వస్తే దుమ్ము లాగే యంత్రం, ముఖానికి సరిగ్గా పట్టే మాస్కు ఉండాలి. తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు.

తడి పనిలో కరెంటు ఇంకో ప్రమాదం. చేతి గ్రైండర్‌ను నీళ్ల మధ్య నడిపేటప్పుడు 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ స్విచ్, మంచి ఎర్తింగ్, అతుకులు లేని వైరు ఉండితీరాలి. ప్యాడ్ కాలితే ఇంకోటి కొనవచ్చు, మనిషి పోతే తెచ్చుకోలేం.

చేతి విద్య

మెరుపు ఎలా వస్తుందన్నదాని మీద శాస్త్రంలో చాలాకాలం చర్చ జరిగింది. 1937లో కేంబ్రిడ్జిలో బౌడెన్, హ్యూజ్ రాపిడి బిందువుల దగ్గర క్షణకాలం పుట్టే వేడికి ఉపరితలం మెత్తబడి ప్రవహించడమే పాలిష్‌కు మూలమని వాదించారు. తర్వాతి పరిశోధనలు చాలా సందర్భాల్లో అతి సన్నని కోతే ప్రధానమని చూపాయి. పనివాడికి రెండింటి నుంచీ అందే మాట ఒకటే. కణం కొనకు తగిలే ఆ క్షణకాలపు వేడి పనిలో భాగం. అది ప్యాడ్‌లో పేరుకోవడం మాత్రం పని కాదు, వృథా.

బేతంచెర్ల బండ మీద నిలబడి మిషన్ పట్టిన మనిషి నీళ్ల పారుదలను, స్లరీ రంగును, చప్పుడును ఒకేసారి గమనిస్తుంటాడు. కారు పాలిష్ చేసే మనిషికి ఆ నీళ్లు లేవు. మార్చి పెట్టుకున్న ప్యాడ్లు, ప్రతి భాగానికీ ఒకసారి తగిలే బ్రష్, తేలికైన ఒత్తిడి, రేకుకు ఆనించిన చేతి వెనకభాగం, ఇవే అతని నీళ్లు. ఇవి అలవాటైన షెడ్డులో ప్యాడ్లు చిరిగి పోవు, అరిగి పోతాయి. చిరిగిన ప్యాడ్ పొరపాటుకు గుర్తు. అరిగిన ప్యాడ్ చేసిన పనికి గుర్తు.